ఎనిమిదో నంబరు బోణీ

నిద్రకీ మెలకువకీ నడుమ ఫెలీసాకి బంతి చప్పుడు వినిపించింది. టప్... టప్... కళ్ళు తెరిస్తే, దండేల నిండా పాత బాస్కెట్‌బాల్ జెర్సీలు మరికీనా ఏటిగాలికి ఉబ్బి ఊగుతున్నాయి, లోపల మనుషులున్నట్టే. "లే నెస్తోర్" అనబోయి నాలిక కరుచుకుంది. మొగుడు పోయినా పిలుపు పోలేదు.

పేరున్న ఆటగాళ్ళు విడిచిన జెర్సీలు, సంతకాల బంతులు అమ్మే ఈ ఆన్‌లైన్ కొట్టు ఇద్దరూ కలిసి పెంచిందే. ఒంటిచేత్తో సాగక ఈవేళ కుర్ర వ్యాపారి ఒబెత్‌కి అమ్మేస్తోంది. పేజీలో ఫొటో ఉన్న సరుకంతా అతనిదేనని మాటిచ్చింది.

ఒబెత్ పొద్దున్నే దిగాడు. ఫోను చూస్తూ, "అక్కా, ఈ ఎనిమిదో నంబరు ఎవరిది? వీపు మీది పేరెప్పుడూ వినలేదే!" అన్నాడు.

ఫెలీసా ఫోనులోకి తొంగి చూసింది. అది నెస్తోర్‌ది, పేట పందేల్లో తొడిగింది. ఏ నిద్రమత్తులో ఫొటో ఎక్కించిందో!

"ఎలా వింటావ్?" వేడి పాన్‌దెసాల్ రొట్టెల పొట్లంతో పక్కింటి చారింగ్ లోపలికొచ్చింది. "ఆ మహానుభావుడు బుట్టలోకన్నా మురిక్కాలవలోకే ఎక్కువ బంతులేశాడు."

"పాతదైతే చాలు పిన్నీ. ఏదో కథల్లి అమ్మేస్తా."

ఫెలీసా దండెం మీది ఎనిమిదో నంబరు వైపు చూసింది. మాటిచ్చాక ఇవ్వనని ఎలా అంటుంది? చారింగ్ ఆ మొహం ఒక్కసారి చూసింది.

"ఏమే, బోణీ అయిందా?"

"ఇంకా లేదు."

"అయితే నాదే బోణీ. ఆ ఎనిమిదో నంబరియ్యి." రొట్టెలకి పోగా మిగిలిన బిళ్ళ ఫెలీసా అరచేతిలో పెట్టింది.

"అన్యాయం! అది నాది!" ఒబెత్ లేచాడు.

"అమ్మకం కాయితం మీద సంతకమైందా? కొట్టింకా దీనిదే. తొలిబేరాన్ని తిప్పి పంపితే ఆ దరిద్రం కొట్టునే పట్టుకుంటుంది. మధ్యాహ్నానికి ఆ కొట్టెవరిది నాయనా?"

ఒబెత్ కూడా వ్యాపారి బిడ్డే. చప్పున గుండెల మీద సిలువ గుర్తు వేసుకున్నాడు. "ఇచ్చెయ్యక్కా. బేరం కూడా ఆడకు!"

ఫెలీసా ఆ బిళ్ళని కళ్ళకద్దుకుని, ఆనవాయితీ ప్రకారం జెర్సీ జెర్సీకీ తాకించింది. తాకిందల్లా గాలికి ఒక్కసారి వీపు విరిచి, సెలవన్నట్టు వాలింది. ఆపైన సంతకం పెట్టింది.

సరుకెక్కించుకుని ఒబెత్ బండి కదిలాక చారింగ్ జెర్సీని ఆమె భుజాన పడేసింది. "నాకు చంకల దగ్గరే పట్టదు. నీ దండెం మీద ఉండనీ."

ఖాళీ దండెం మీద ఎనిమిది ఒక్కటే ఊగింది. ఏటి పక్క కోర్టులో ఎవరో బంతి కొడుతున్నారు. టప్... టప్...

"ఈసారైనా బుట్టలో వెయ్యవయ్యా," అంది ఫెలీసా.