అత్తయ్య ముక్కు

ఆ ఆపిల్ గిడ్డంగిలో అత్తగారి ముక్కుకు తిరుగులేదు. పొద్దున్నే ఒక్కో చల్లగది తలుపు తీసి, గాలి పీల్చి, "ఇందులో సరుకు మాగుతోంది, రేపే పంపేయండి" అందంటే అంతే. ఇరవై ఏళ్లలో ఒక్కసారీ తప్పలేదు.

కిందటి చలికాలం పట్టిన జలుబు వదిలింది గానీ, దాంతోపాటే వాసన తెలియడమూ పోయింది. ఆవిడ ఎవరికీ చెప్పలేదు. పండును వేలితో నొక్కి చూసి, కొంత ఊహించి నెట్టుకొచ్చింది. ఒకనాడు స్టవ్ మీద పాలు మాడి ఇల్లంతా కంపు కొడుతుంటే, పక్కనే కూర్చుని తాపీగా పేపరు చదువుకుంటున్న అత్తగారిని చూసి కోడలికి సంగతి అర్థమైంది. ఆమె కూడా నోరు విప్పలేదు.

కోడలిది సెన్సర్లు చేసే ల్యాబులో ఉద్యోగం. తీరిక దొరికినప్పుడల్లా కూర్చుని ఆరు నెలల్లో ఒక చిప్ తయారుచేసింది. అందులో వెంట్రుక కన్నా సన్నని సిలికాన్ పట్టీ ఒకటి, కరెంటు తగిలితే వణుకుతూ ఉంటుంది. మాగే పండు వదిలే వాయువు అంటుకుంటే పట్టీ బరువెక్కి, వణుకు మందగిస్తుంది. వెంటనే గంట మోగుతుంది. మొదటి నాలుగూ విరిగాయి, ఐదోది నిలిచింది.

"ల్యాబు పరీక్ష కోసం అత్తయ్యా" అని చెప్పి, ఆ చిప్ అమర్చిన అగ్గిపెట్టెంత డబ్బాను మూడో గదిలో బిగించింది. ముందురోజే ఖాళీ చేసి కడిగిన గది అది. పది నిమిషాలకే గంట మోగింది.

కోడలి ముఖం చిన్నబోయింది. "ఖాళీ గదిలో మోగిందంటే ఇది పాడైనట్టే. తీసేస్తాను."

"ఉండవే. నువ్వు చేసినదాన్ని నువ్వే నమ్మకపోతే ఎలా?"

అత్తగారు టార్చి పట్టుకుని మోకాళ్ల మీద వంగింది. చెక్కబల్లల కింద, మూలల్లో వెతికి, చివరికి ఫ్యాను వెనక చెయ్యి పెట్టింది. మెత్తబడి పసుపు తిరిగిన ఆపిల్ ఒకటి బయటికొచ్చింది. దాన్ని ముక్కుకు ఆనించుకుని గట్టిగా పీల్చింది.

"నాకు వాసన రావట్లేదే. చలికాలం నుంచీ."

"తెలుసత్తయ్యా."

"తెలిసీ అడగలేదేం?"

"మీరూ చెప్పలేదుగా."

అత్తగారికి నవ్వు ఆగలేదు. ఇద్దరూ ఆ చల్లటి నేల మీదే చతికిలబడి కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వారు. మామగారు తలుపులోంచి తొంగిచూసి, ఏమీ అర్థం కాక వెనుదిరిగారు.

మళ్లీ చలికాలం వచ్చేలోగా ఎనిమిది గదుల్లోనూ డబ్బాలు అమిరాయి. ఇప్పుడు సెలవురోజున అత్తగారు కోడల్ని వెంటబెట్టుకుని ఒక్కో గది దగ్గరా ఆగి గాలి పీల్చమంటుంది.

"చెప్పు, వాసన తేనెలా ఉందా, పచ్చగడ్డిలా ఉందా?"

"తడిసిన చెక్కలా ఉందత్తయ్యా."

"అది పెట్టెల వాసనే పిల్లా. దాన్ని వదిలేసి, ఇంకాస్త లోపలికి పీల్చు."