కాలరు లోపలి చీటీ

నాలుగు నెలలుగా శాలువాలోనే బతుకుతున్నాను. ఊళ్ళో సగం మందికి కోట్లు కుట్టినదాన్ని, నా ఒంటికి పట్టే కోటు ఒక్కటీ లేదు. ఆపరేషన్లో ఎడమ రొమ్ము తీసేశారు. పాతవన్నీ ఆ పక్క ముడతలు పడి వేలాడుతున్నాయి. కొత్తది కుట్టుకోవడానికి గుడ్డ ఉంది, మిషను ఉంది, రెండు చేతులూ ఉన్నాయి. కొలతల పుస్తకంలో నా పేజీ మాత్రం రాసుకోలేకపోతున్నాను. మూడుసార్లు పెన్ను పట్టుకుని మూడుసార్లూ మూసేశాను. పేజీ రాయకపోతే కోటు లేదు, కోటు లేకపోతే ఇంకెన్నాళ్ళయినా ఈ శాలువాయే.

మా వదిన నా జబ్బు పేరెత్తదు. "అదే... ఆ జబ్బు" అంటుంది గొంతు తగ్గించి, పక్కింటివాళ్ళు వింటే వాళ్ళకీ అంటుకుంటుందన్నట్టు. ఎదురింటి మాస్టారుది ఇంకో తంతు. "నువ్వు యోధురాలివమ్మా! పోరాడి గెలిచావు!" అని వీధి వీధంతా వినబడేలా అరుస్తాడు. నేనేం పోరాడాను? చేతికి సూది గుచ్చితే మంచం మీద పడుకుని పైకప్పు చూశాను, అంతే. మొన్న కాజాలు కుట్టించుకోవడానికి వచ్చినావిడ నా మొహం చూడకుండా శాలువా వైపు చూసి "పాపం" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆవిడ కాజాలు రెండు రోజులు ఆలస్యం చేశాను.

మా నాన్న ఉన్నప్పుడు ఈ కొట్లో ఇలాంటి మాటలు వినబడేవి కావు. ఇదే కొట్టు, ఇదే పొడుగాటి బల్ల. ఇస్త్రీ పెట్టె కింద తడిగుడ్డ వేసినప్పుడు వచ్చే ఆ వేడి ఉన్ని వాసన ఇప్పటికీ నాకు నాన్న వాసనే. వీధిలో అందరూ 'కుంటాయన' అని పిలిచే మనిషి మా గుమ్మం దాటగానే 'ఎడమ కాలు ఒకటింబావు తక్కువ' అయ్యేవాడు. పొట్ట చూసుకుని సిగ్గుపడే షావుకారు ఉత్త 'నడుము నలభై ఆరు'. "మనిషన్నాక ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ. అంతకుమించి మనకి అనవసరం అమ్మలూ" అనేవాడు చెవిలో పెన్సిలు పెట్టుకుని. ఆ గొంతు ఒక్కసారి వినాలని ఎంత ఉంటుందో చెప్పలేను.

నాకు పదకొండేళ్ళు వచ్చేసరికి చీటీలు రాసే పని అప్పజెప్పాడు. గుడ్డ కత్తిరించాక ఎవరిదో తెలియడానికి చిన్న కాగితం మీద పేరు రాసి, కాలరు లోపల రెండు వదులు కుట్లు వేసేవాళ్ళం. ఇస్త్రీ చేసేటప్పుడు దాన్ని తెంపేయాలి. పేర్లు అడగాలంటే నాకు బిడియం. అందుకని నాకు నేనే పేర్లు పెట్టుకునేదాన్ని. 'పిల్లి కళ్ళాయన', 'దగ్గే తాతయ్య', 'గొణుగుడు పిన్ని'. రాసుకుని లోపల్లోపల నవ్వుకునేదాన్ని. నాన్న చీటీలు చదివేవాడు కాదు, కొలతలే చూసుకునేవాడు.

ఒకరోజు లైబ్రరీలో కొత్తగా ఉద్యోగంలో చేరిన అమ్మాయి వచ్చింది. పాతికేళ్ళుంటాయేమో. అప్పటిదాకా వాళ్ళన్నయ్య కోటే తొడుక్కునేదట. వీపు బాగా వంగి ఉంది, కుడి భుజం కిందకి జారి ఉంది. నాన్న అరగంట కొలిచాడు. ముందు పొడవు వేరు, వెనక పొడవు వేరు, భుజానికో లెక్క. ఆయన చెబుతుంటే నేను రాసుకున్నాను. పేజీ పైన పేరుండాల్సిన చోట 'గూనిది' అని రాశాను. చీటీ మీదా అదే.

కోటు అందంగా వచ్చింది. ఇస్త్రీ నేనే చేస్తానని ఎగబడి చేశాను, చక్కగా మడతపెట్టాను, చీటీ తెంపడం మర్చిపోయాను.

మూడో రోజు పొద్దున్నే ఆమె వచ్చింది, ఆ కోటు తొడుక్కునే. వీపు మీద ఒక్క ముడత లేదు. గుప్పిట్లోంచి చీటీ తీసి బల్ల మీద పెట్టింది.

"ఇది మీది. లోపల ఉండిపోయింది. లైబ్రరీలో కోటు కొక్కేనికి తగిలిస్తే ఎవరో చదివారు" అంది. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండునని నాకిప్పుడనిపిస్తుంది.

నాన్న చీటీ చదివాడు. చెంప చెళ్ళుమంటుందని నేను కళ్ళు మూసుకున్నాను. కొలతల పుస్తకం తెరిచిన చప్పుడు వినబడింది.

"తప్పు నాది తల్లీ. కొట్లోంచి వెళ్ళే ప్రతి కోటూ నేను చూసి పంపాలి" అన్నాడు ఆమెతో. తర్వాత నా వైపు తిరిగాడు. "ఈమె పేరేంటి?"

"తెలీదు."

"పక్కనే నిలబడి అన్ని కొలతలూ రాశావు కదే, పేరడగడానికి నోరు పడిపోయిందా?"

అనేసి, తన మాట తనకే తగిలినట్టు ఆగిపోయాడు. ఆ అమ్మాయి ఫక్కున నవ్వింది.

"లోపం ఎత్తి మాట్లాడే ఈ అలవాటు మీ ఇంట్లో అందరికీ ఉందన్నమాట!"

నాన్న చెవులు ఎర్రబడ్డాయి. అంత పెద్ద మనిషి సిగ్గుపడడం నేను చూసింది అప్పుడే. పెన్ను నా చేతికిచ్చాడు. నేను రాసిన మాట కొట్టేసి, ఆమె చెబుతుంటే పైన పేరు రాశాను. క్షమించమని అడగాలని నోటిదాకా వచ్చింది. అడగలేదు.

ఆమె మా కొట్టు మానలేదు. నాన్న పోయాక కూడా నా దగ్గరే కుట్టించుకుంటోంది. నేను అక్కా అంటాను, ఆవిడ నన్ను ఇంకా పిల్లా అంటుంది. నలభై ఏళ్ళలో ఆ భుజం ముప్పావు అంగుళం నుంచి ఒకటింబావుకి దిగింది. వచ్చిన ప్రతిసారీ పుస్తకాన్ని తన వైపు తిప్పుకుని, పేజీ పైన ఒకసారి చూసి, అప్పుడు చేతులెత్తుతుంది. పాత కొలతలు చూసుకుంటోందని అనుకునేదాన్ని. అలా అనుకోవడం నాకు సుఖంగా ఉండేది.

నిన్న పొద్దున వచ్చింది. ఎండ అప్పటికే గుమ్మంలోకి వచ్చేసింది.

"ఇంత ఎండలో శాలువా ఏంటే పిల్లా?"

చెప్పాను. వదినలా గొణగలేదు, మాస్టారులా అరవలేదు. రొమ్ము తీసేశారక్కా, పాత కోట్లు పట్టడం లేదు, కొత్తదానికి కొలతలు రాసుకోలేకపోతున్నాను అని ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆవిడ పాపం అనలేదు. కళ్ళజోడు సర్దుకుని చెయ్యి చాపింది.

"టేపు ఇలా తే. నలభై ఏళ్ళు కొలిపించుకున్నాను, ఆ మాత్రం రాదా? నువ్వు రాసుకో."

కొత్త పేజీ తీశాను. మెడ కొలవబోయి ఆగి, పుస్తకం తన వైపు తిప్పుకుంది.

"పైన ఖాళీగా వదిలేశావేం?"

"అక్కా, ఆ రోజు చీటీలో నేను..."

"తెలుసు. ఆ రాత నీదేనని మీ నాన్న నిన్ను అడక్కముందే తెలుసు. రసీదు మీద మీ నాన్న రాత అంత గుండ్రంగా లేదు." ఆవిడ టేపు మెడలో వేసుకుంది. "మంట తగ్గడానికి చాలా ఏళ్ళు పట్టిందే. ఇప్పటికీ పైన చూడనిదే చెయ్యి ఎత్తలేను. ముందు నీ పేరు రాయి."

రాశాను. అక్షరాలు వంకరగా వచ్చాయి. ఆవిడ చదివి తలాడించింది.

"ఊఁ, ఇప్పుడు శాలువా తియ్."

తీశాను. ఆపరేషన్ తర్వాత ఇంకొకరి ముందు తియ్యడం అదే మొదటిసారి. ఆవిడ వేళ్ళు చల్లగా ఉన్నాయి. మెడ చెప్పింది, భుజం చెప్పింది, అచ్చం నాన్న చెప్పే వరుసలోనే. నా కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నా, తుడుచుకోకుండా రాస్తూ పోయాను.

"ఛాతీ కుడి పక్క తొమ్మిదిన్నర" అంది. టేపు ఇటు జరిపింది. "ఎడమ పక్క ఎనిమిది. ఒకటిన్నర తక్కువ. రాశావా?"

"రాశానక్కా."

"అయితే చెయ్యెత్తు. నడుము చూడాలి."