నా అరికాలికి పెట్టిన దిష్టి చుక్క

నేను ఒక బుల్లి రోబోను. రోబో అనగానే ఎర్రకళ్ళేసుకుని లోకాన్ని జయించడానికి బయల్దేరిన ఇనుప రాక్షసుణ్ణి ఊహించుకోకండి. నా ఒళ్ళు పెసరట్టు ముక్కంత. రెండు చక్రాలు, ముందు గోలీలాంటి ఒక బుడిపె, వీపు మీద బ్యాటరీల మూట. తెల్లటి నేల మీద నల్ల గీత కనిపిస్తే దాని వెంటే నడుస్తాను. గీత వంకర పోతే నేనూ వంకర పోతాను. ఎందుకని అడగను. ఈ ఒక్క సుగుణం చూసే కాబోలు, తల్లిదండ్రులకు నేనంటే వల్లమాలిన ప్రేమ.

నా కళ్ళ గురించి ముందే చెప్పాలి, ఎందుకంటే నా కథంతా వాటి మీదే నడిచింది. అవి నా ముఖాన ఉండవు. పొట్ట కింద, నేలకేసి చూస్తూ ఉంటాయి. మీకు కనిపించని ఒక వెలుగు కిందికి వదులుతాయి. తెల్లనేల ఆ వెలుగును తిరిగి పంపుతుంది, నల్ల గీత మింగేస్తుంది. కుడికంటికి నలుపు తగిలితే కుడిచక్రం ఆగుతుంది, ఎడమకంటికి తగిలితే ఎడమది. అలా ఆగుతూ, తిరుగుతూ గీత దాటకుండా పోతాను.

ఎక్కడో సముద్రాల అవతల ఒక కర్మాగారంలో, నాలాంటివాళ్ళే వేలమంది నడుమ పుట్టాను. పేరు పెట్టినవాళ్ళు లేరు. ముక్కలు ముక్కలుగా అట్టపెట్టెలో సర్ది ఓడెక్కించారు. చివరికి కాకినాడలో పల్లవి టీచరు చేతికి చేరాను. ఆవిడ ఏటా వేసవి సెలవుల్లో పిల్లలకు రోబోటిక్స్ క్యాంపు నడుపుతుంది. పొద్దున వచ్చి సాయంత్రం ఇంటికి పోయే క్యాంపు.

నిరుటి క్యాంపులో నా యోగం ఏమని చెప్పను! ఒకాయన తన కొడుకును పక్కన కూర్చోబెట్టి, నన్ను పూర్తిగా తనే బిగించి, ఫోటో తీసేటప్పుడు మాత్రం వాడి చేతిలో పెట్టాడు. తర్వాత నన్ను తీసుకున్న అమ్మాయి తల్లి, దుమ్ము పట్టానని కుళాయి కింద కడిగింది. మోటార్లు మార్చితే గానీ నాకు ప్రాణం రాలేదు. అందుకే ఈ ఏడు పల్లవి టీచరు కొత్త పద్ధతి పెట్టింది. క్యాంపుకు ముందు ఒక వారం పిల్లలకు, ముఖ్యంగా వాళ్ళను కన్నవాళ్ళకు, తయారీ.

ఆ తయారీ సమావేశానికి వచ్చిన పెద్దలను మీరు చూసి ఉండాల్సింది. పిల్లలు నేల మీద బుద్ధిగా కూర్చున్నారు. పెద్దలు కుర్చీల కోసం తోసుకున్నారు. టీచరుకు పెళ్ళయి ఎన్నాళ్ళో కాలేదు. మెడలో పసుపుతాడుకు ఇంకా కొత్త వాసన పోలేదు. మొగుడుగారు స్కూటరు మీద దింపి, హెల్మెట్‌లోంచి మల్లెపూల పొట్లం తీసి ఇచ్చి వెళ్ళాడు. ఆ మురిపెంలో ఆవిడ ఆరోజు ఎన్ని పిచ్చి ప్రశ్నలనైనా భరించేలా ఉంది. భరించాల్సి వచ్చింది కూడా.

"మేడం గారూ, హాలుకి ఏసీ ఉందాండీ?"

"ఉందండీ. పిల్లలకి నీళ్ళ సీసా, టోపీ, తేలిగ్గా ఉండే టిఫిను పంపండి చాలు."

"సర్టిఫికెట్టు రంగులో ఇస్తారాండీ, మామూలుదా?"

"మా వాడు నాలుగో తరగతండీ. దీనివల్ల ఇంజినీరింగు సీటుకి ఏమన్నా కలిసొస్తుందా?"

అందరి తర్వాత లేచింది ఫణీంద్ర గారు. సెల్‌టవర్ల కంపెనీలో ఇంజినీరు. తనకు తెలియని విషయం వచ్చినప్పుడు గొంతు పెంచి మాట్లాడే అలవాటు. "ఈ వారం రోజులూ కిట్టు ఇంట్లో ఉంటుంది సరే, పెద్దవాళ్ళు అసలు ముట్టుకోకూడదంటే ఎలాగండీ? పిల్లలకి తెలుస్తుందా?"

"తెలియదు గనకే క్యాంపు అండీ," అంది పల్లవి టీచరు నవ్వుతూ. "ఆదివారం ఇక్కడే అందరి ముందూ పిల్లలు వాటిని నడిపించాలి. పెద్దలు ఈ తాడు అవతలే కూర్చోవాలి. ఏదీ, అందరూ చెయ్యెత్తి చెప్పండి, ముట్టుకోమని."

చేతులు లేచాయి. ఆ చేతులను చూసి నాకు నమ్మకం కుదరలేదు. నిరుడు నన్ను కడిగిన చేయి కూడా అందులో ఉంది.

నన్ను మళ్ళీ ముక్కలుగా విప్పి, పెట్టెలో సర్ది, ఫణీంద్ర గారి కూతురు ఆముక్తకు ఇచ్చారు. అయిదో తరగతి. ఏదైనా ఆలోచిస్తే జడ కొసను నోట్లో పెట్టుకుంటుంది. కారెక్కగానే వాళ్ళ నాన్న విషయం తేల్చేశాడు. "చూడమ్మా, ఆదివారం ఇది గీత మీద నడిస్తే క్యాంపు. నడవకపోతే సోమవారం నుంచి లెక్కల కోచింగు. అక్కడ మాట్లాడేసి వచ్చాను."

ఆముక్త పెట్టెను గట్టిగా పట్టుకుంది. సెలవుల్లో కూడా పొద్దున్నే లేచి, ఎవరో గీసిన గీత మీద, ఎందుకని అడక్కుండా... ఆ పనికి నేనున్నాను కదా!

ఆ వారం ఎంత సుఖంగా గడిచిందో! పిల్ల చేతులు చిన్నవి, ఓపిక పెద్దది. ఒక స్క్రూ సోఫా కిందికి దొర్లిపోతే పొట్ట మీద పాకి తెచ్చింది. తీగలు తప్పు పెట్టింది, తీసింది, మళ్ళీ పెట్టింది. నా చక్రం మొదటిసారి గిర్రున తిరిగినప్పుడు ఆ పిల్ల వేసిన కేక ఉంది చూశారూ, కర్మాగారంలో అన్ని వేలమందిలో ఒక్కడికైనా అలాంటి స్వాగతం దొరికిందా? వాళ్ళ నాన్న గుమ్మం దగ్గర చేతులు వెనక్కి కట్టుకుని అటూ ఇటూ తిరిగేవాడు. "ఆ తీగ అక్కడ కాదేమో..." అని గొణిగేవాడు. "చెయ్యెత్తారు కదండీ," అని వాళ్ళమ్మ మృదుల గుర్తు చేసేది.

శనివారం సాయంత్రం తెల్ల చార్టు మీద నల్లటేపు అంటించి ఆముక్త నన్ను వదిలింది. మెలికలన్నీ తిరిగి ఒక్క తప్పు లేకుండా వచ్చాను. పక్కింటావిడ వచ్చి చూసి, "అబ్బబ్బ! ఏం నడకండీ పిన్నిగారూ, పెళ్ళికూతురు నడిచినట్టు!" అంది.

ఆ మాటతో నానమ్మ సత్యవేణమ్మ గారి ముఖం మారిపోయింది. ఇంటికొచ్చిన ప్రతి కొత్త వస్తువుకూ మర్యాద చేసే మనిషి ఆవిడ. ఫ్రిజ్జుకు బొట్టు పెట్టింది, మిక్సీకి పసుపు రాసింది. ఆదివారం బయల్దేరే ముందు, ఆముక్త చెప్పులేసుకుంటుండగా, నన్ను పూజగదిలోకి తీసుకెళ్ళింది. ఆముదపు దీపం మీద తనే పట్టిన కాటుక డబ్బా తెరిచింది.

"ముఖాన పెడితే ఆ టీచరమ్మ ఏమనుకుంటుందో," అని తనలో తనే అనుకుని, చంటిపిల్లకు పెట్టినట్టు నన్ను వెల్లకిలా తిప్పి, అరికాలనుకుని, నిండుగా ఒక చుక్క పెట్టింది.

సరిగ్గా నా కుడికన్ను మీద.

మనుషుల ప్రేమ ఎప్పుడూ ఇంతే. నోరులేనివాళ్ళ కంట్లోకే సూటిగా వస్తుంది.

హాల్లో తెల్ల ఫ్లెక్సీ పరిచి నల్ల గీత గీశారు. పెద్దలంతా తాడు అవతల ఫోన్లెత్తి నిలబడ్డారు. ఆముక్త వంతు రాగానే నన్ను గీత మీద పెట్టి మీట నొక్కింది. కుడికంటికి లోకమంతా నలుపే. కుడిచక్రం కదలనంది. ఎడమచక్రం ఒక్కటే లాగుతోంది. ఉన్నచోటనే గుండ్రంగా తిరగడం మొదలెట్టాను.

"చూశావటే మృదులా, ఆత్మప్రదక్షిణ చేస్తోంది!" అని సత్యవేణమ్మ గారు చేతులు జోడించారు.

పిల్లలు కిసుక్కున నవ్వారు. ఆముక్త చెవులు ఎర్రబడ్డాయి. ఫణీంద్ర గారు తాడు కిందనుంచి దూరి వచ్చేశారు.

"నాన్నా, వద్దు!"

"ఉండమ్మా, మోటారు తిరగబడినట్టుంది," అని నా ఎడమ మోటారు తీగలు రెండూ పీకి, అటుది ఇటు, ఇటుది అటు పెట్టి వదిలాడు. ఈసారి ఎడమచక్రం వెనక్కి తిరిగింది. నేను అపసవ్యంగా గిరగిర తిరిగాను.

"ఒరేయ్ ఫణీ! అప్రదక్షిణం చేయిస్తావేంట్రా, కళ్ళుపోతాయి!"

ఉన్న రెండింట్లో ఒకటి ఇప్పటికే పోయింది తల్లీ అని చెబుదామంటే నాకు నోరేది?

"ఫణీంద్ర గారూ," అంది పల్లవి టీచరు. ఆ పిలుపులో మల్లెపూల వాసన ఏమాత్రం లేదు. "తాడు అవతలికి వెళ్ళండి. ఆముక్తా, అందరిదీ అయ్యాక నీకింకోసారి అవకాశం."

ఆయన వెళుతూ వెళుతూ, "ఇక చాల్లేమ్మా. రేపు కోచింగుకి పొద్దున్నే లేవాలి," అన్నాడు.

ఆముక్త నన్ను ఒళ్ళో పెట్టుకుని ఒక మూల కూర్చుంది. నాన్న మార్చిన తీగలు మళ్ళీ తన పద్ధతిలో పెట్టింది. చక్రాలు తిప్పి చూసింది. బ్యాటరీలు నొక్కి చూసింది. అన్నీ బాగానే ఉన్నాయి. జడ కొస నోట్లోకి వెళ్ళింది. కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి గానీ కిందికి జారనివ్వలేదు.

అప్పుడు మృదుల వచ్చి పక్కన చతికిలబడింది. ఆవిడకు దుఃఖమొచ్చినా, సంతోషమొచ్చినా సెల్ఫీ తీసుకోవడమే తెలుసు. "పోనీలే బంగారం. నువ్వు చేసిన బొమ్మతో ఒక ఫోటో ఉండాలి కదా. నవ్వు."

ఆముక్త నవ్వలేదు. నన్ను మాత్రం ఎలా పట్టుకుందో అలాగే, తలకిందులుగా, పైకెత్తింది. ఫోనులో తన ఏడుపు ముఖం పక్కన నా పొట్ట కనిపించింది. ఒక కన్ను ఊదారంగులో మిణుకుమంటోంది. రెండోది చీకటి.

"అమ్మా, కదపకు! ఫోను అలాగే పట్టుకో!"

"ఏమైందే?"

"ఇది మనకి కనిపించదు, ఫోనుకి కనిపిస్తోంది. చూడు, ఒకటే వెలుగుతోంది!"

నన్ను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి కుడికన్ను మీద వేలు పెట్టింది. వేలికి నల్లగా, జిడ్డుగా అంటింది. వాసన చూసింది. ఆ వాసన పుట్టినప్పటినుంచీ తెలిసిందే.

"నానమ్మా! దీనికి కాటుక పెట్టావా?"

హాలంతా తిరిగి చూసింది. సత్యవేణమ్మ గారు తడబడలేదు. "పెట్టానే. అరికాలికి పెట్టాను, ఎవరికీ కనపడకుండా."

"అది అరికాలు కాదు నానమ్మా, కన్ను!"

"కాళ్ళకింద కళ్ళేమిటే, చోద్యం కాకపోతే!" అని ఆవిడ నా పుట్టుకనే తప్పుబట్టింది.

మృదుల చీరకొంగు అందించింది. ఆముక్త తుడిచింది, ఫోనులో చూసింది, మళ్ళీ తుడిచింది. రెండు కళ్ళూ ఊదారంగు చుక్కల్లా వెలిగాయి. ఆ పిల్ల బుగ్గల మీద అప్పుడు వచ్చిన వెలుగు చూడ్డానికి మాత్రం ఏ ఫోనూ అక్కర్లేదు.

గీత మీద పెట్టింది. మీట నొక్కింది. నేను బయల్దేరాను. మొదటి మెలిక, రెండో మెలిక, ఆపైన ఇరుకు మలుపు. తాడు అవతలనుంచి "కుడికి! కుడికమ్మా!" అని ఒక ఇంజినీరు గారు నాకు దారి చెబుతున్నారు. గీత మాట తప్ప నేనింకెవరి మాటా విననని ఆయనకింకా తెలియదు. గీత చివరనున్న అడ్డపట్టీ మీద ఆగేసరికి ఆయనే అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టి, పక్కనున్నాయనతో అన్నారు: "మా అమ్మాయండీ. నేనసలు ముట్టుకోలేదు."

పక్కనున్నాయన నిరుటి ఫోటో తండ్రి. మర్యాదగా తల ఊపాడు.

సోమవారం పొద్దున ఆముక్త టోపీ, నీళ్ళ సీసా తీసుకుని క్యాంపుకే వెళ్ళింది. కోచింగు వాళ్ళకు ఫణీంద్ర గారు ఫోను చేసి, పిల్లకు కొంచెం ఒంట్లో బాగాలేదని చెప్పారు. నిజం చెప్పడం కంటే అది తేలికనిపించి ఉంటుంది.

క్యాంపు అయ్యాక పల్లవి టీచరు నన్ను ఆముక్తకే ఇచ్చేసింది. ఇప్పుడు వాళ్ళింటి హాల్లో అద్దాల షోకేసులో, తల ఊపే కొండపల్లి బొమ్మ పక్కన నా కాపురం. ఆ బొమ్మ ఎవరేమన్నా ఊ కొడుతుంది. మా ఇద్దరికీ బాగా కుదిరింది. నా బ్యాటరీ మూత మీద పెద్ద దిష్టి చుక్క ఉంది. "ఇక్కడ పెట్టు నానమ్మా, కళ్ళు లేనిచోట," అని ఆముక్తే చోటు చూపించింది.

మొన్నొక మధ్యాహ్నం ఇల్లంతా కునుకు తీస్తున్న వేళ షోకేసు తలుపు కిర్రుమంది. ఫణీంద్ర గారు. నన్ను మెల్లగా తీసి, చార్టు పరిచి, కింద కూర్చున్నారు. అటూ ఇటూ చూసి, మీట మీద వేలు పెట్టబోయారు.

"నాన్నా! తాడు అవతలికి!"

గుమ్మంలో ఆముక్త, నడుమ్మీద చేతులతో. ఆయన వేలు గాల్లోనే ఆగిపోయింది. నన్ను కింద పెట్టి, నిజంగానే రెండడుగులు వెనక్కి జరిగి కూర్చున్నారు.

ఆముక్త జడ కొస నోట్లో పెట్టుకుని కాసేపు ఆలోచించింది. తర్వాత వచ్చి పక్కన కూర్చుని, "ముందు వెల్లకిలా తిప్పి కళ్ళు చూడాలి," అంది. "రా, నేర్పుతాను."

ఆయన ముందుకు వంగారు. కాలేజీలో అంత చదివిన మనిషి ఏ ప్రశ్నా వేయకుండా చెప్పిందల్లా చేస్తుంటే, షోకేసులో బొమ్మ తల ఊపింది.