పాలు పోసిన ఆనపకాయ

శేషాద్రికి పూతరేకు తినడం రాలేదు. ఆత్రేయపురంలో కొన్నది బస్సులో విప్పి కొరికితే సగం చొక్కామీదే రాలింది. నవ్వడానికి పక్కన ఎవరూ లేరు. భార్య దేవకుమారి అయితే నవ్వేది. ఆమే ఉంటే ఈ మదనపల్లె మనిషి రెండు రైళ్ళు మారి ఒంటరిగా ఇంత దూరం ఎందుకొస్తాడు?

అతనికి నలభై రెండో ఏట పెళ్ళయింది. ఇద్దరిదీ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలోనే ఉద్యోగం. అయిదు నెలల కాపురం, అందులో చివరి నెలన్నర ఆసుపత్రిలో. ఉన్న కాస్త కాలంలో ఆమె చెప్పిందంతా తిండి గురించే. మా వైపు పొట్టిక్కలండి, పనసాకు బుట్టలో ఇడ్లీ ఉడికిస్తారండి, ఆ వాసనే వేరండి. మాట మాటకీ అండి తగిలించే కోడల్ని చూసి అతని తల్లి, "వాడు మొగుడా, కలెక్టరా?" అని మూతి తిప్పేది. వేసవిలో పోదాంలే అనేవాడు శేషాద్రి. వేసవి దాకా ఆమె ఆగలేదు.

ఏడాది తిరిగాక లీవు పెట్టి వచ్చి, ఆమె చెప్పినవన్నీ వరసగా తింటున్నాడు. పొద్దున అంబాజీపేటలో పొట్టిక్కలయ్యాయి. వాసన నిజంగానే వేరు. ఆ మాట చెప్పుకోవడానికి మనిషి లేకపోతే ఎంత రుచైనా గొంతు దిగదని కూడా అక్కడే తెలిసింది.

మధ్యాహ్నానికి, దేవకుమారిని పెంచిన పిన్ని మాణిక్యాంబ ఇల్లు చేరాడు. మోకాళ్ళ నొప్పులవల్ల ఆఖరి చూపుకు రాలేకపోయిన మనిషి. కాళ్ళకు నీళ్ళిచ్చి, చాప వేసి కూర్చోబెట్టింది. తర్వాత అడిగింది.

"మా పిల్ల ఆఖర్న ఏదైనా తినాలని అడిగిందాండీ?"

శేషాద్రికి ఆ ఒక్క విషయంలోనే గుండె నిబ్బరం. బతికించుకోలేకపోయాడు గాని, ఆ కోరిక మాత్రం తీర్చాడు.

"అడిగింది. అనపకాయ కూర. చేసి పెట్టినాం. తినింది."

అప్పటికి అనపకాయల కాలం అయిపోయినా పల్లెపల్లెకూ సైకిలు తొక్కి, రెండు దోసిళ్ళ కాయలు సంపాదించాడు. ఆమె ఆనపకాయ అంటే, ఆ వైపువాళ్ళు దీర్ఘం తీస్తారులే అనుకున్నాడు. పాలు పోసి వండమందంటే తల్లి, "అనపగింజల్లో పాలేంది, జ్వరం మాట్లాడిస్తా ఉంది" అని చింతపండు పిసికి పులుసు పెట్టింది. దేవకుమారి నాలుగు ముద్దలు తిని, "బావుందండి" అంది.

మాణిక్యాంబ కళ్ళొత్తుకుంది. "పోన్లెండి. నోరు కట్టుకునే పోయిందేమోనని ఏడాదిగా నాకు అన్నం సయించట్లేదు. ఉండండి, ఇవాళా అదే వండుతాను." కత్తి తీసుకుని పెరట్లో పందిరి దగ్గరకు వెళ్ళింది.

తిరిగి వచ్చేటప్పుడు చేతిలో మూరెడు సొరకాయ ఉంది.

"అదే వండుతానన్నారే, అనపకాయ?"

"ఇదేనండి. లేతది, గోరు దిగుతోంది చూడండి."

సొరకాయ. భర్త పోయాక అతని తల్లి కాశీలో వదిలేసిన కాయ. అప్పట్నుంచీ వాళ్ళ ఇంటి గడప తొక్కలేదు, ఆ అయిదు నెలల్లో దాని పేరెత్తే పనీ ఎవరికీ పడలేదు. మదనపల్లెలో అనపకాయ అంటే చిక్కుడు జాతి గింజకాయ. ఆసుపత్రి గేటు ముందు ఒక ముసలామె రోజూ సొరకాయలు కుప్ప పోసుకుని కూర్చునేది. ఆ కుప్పను తప్పించుకునే అతను సైకిలు తొక్కుకుంటూ పోయాడు.

అతనికి దేవకుమారి మీద కోపం వచ్చింది. ఇది కాదని ఒక్క మాట అంటే ఏం పోయింది?

మాణిక్యాంబ ముక్కలు తరుగుతూ తన ధోరణిలో చెప్పుకుపోతోంది. "పెట్టింది కాదనే పిల్ల కాదండి అది. చుట్టాలింటికెళ్తే ఏం పెట్టినా బావుందనాలమ్మా అని చిన్నప్పుడు నేనే నేర్పాను. ఓసారి ఉప్పులేని పప్పు కూడా మారడిగి తిందండి."

చుట్టాలింటికెళ్తే. శేషాద్రి ఆ మాట దగ్గరే ఆగిపోయాడు. ఇన్నాళ్ళూ తన ఇంట్లో భార్య పోయిందని ఏడ్చాడు. ఆమె చివరిదాకా చుట్టంగానే ఉండి వెళ్ళిందని ఇప్పుడు తెలిసింది.

విస్తట్లో తెల్లటి కూర, వేడన్నం పెట్టి ఆవిడ ఎదురుగా కూర్చుంది.

"అమ్మగారు కూడా ఇలాగే చేశారాండీ?"

నిజం నాలుక చివరదాకా వచ్చింది. ఆవిడ మొహం చూశాడు.

"ఇంత బాగా కుదర్లేదండి," అన్నాడు. అతని నోట అండి రావడం అదే మొదలు.

ఆవిడ తృప్తిగా ఇంకో గరిటె వేసింది. అతనికి ముద్ద దిగడం లేదు. అయినా కాదనలేదు.