గోళ్ళరంగు బాణం

మూడో దెబ్బకు రాయి పగల్లేదు గానీ సంపూర్ణ చెంప పగిలింది. పెంకొకటి ఎగిరొచ్చి కంటి కింద కోసుకుపోయింది. “నీ మొహం మండ” అని ఆమె రాయినే తిట్టి, కొంగుతో నెత్తురు తుడుచుకుని, అదే కొంగుతో రాయినీ తుడిచి, దాని మీద ఉమ్మేసి బొటనవేలితో రుద్దింది. ఎండిన డోలమైట్ రాయి బూడిద ముద్దలా ఉంటుంది. తడి తగిలితేనే లోపలి చారలు బయటపడతాయి. ఇందులో చారల్లేవు. దాన్ని గోతిలోకి విసిరికొట్టి మళ్ళీ సుత్తె ఎత్తింది.

ఏన్కూరు దాటాక అడవి మొదలయ్యే చోట ఉంది ఆ క్వారీ. కొండను సగానికి నరికి, నరికిన చోట ఇంకా నరుకుతున్నారు. పొద్దున్నుంచి డ్రిల్లింగు మిషన్లు రాతి గోడను పొడుస్తూనే ఉంటాయి, మధ్యాహ్నం మందు పేలుస్తారు, సాయంత్రం దాకా క్రషర్ రాళ్ళు నములుతూనే ఉంటుంది. ఆ దుమ్ములో, చీర మీద మగవాళ్ళ పొడుగుచేతుల చొక్కా, కాళ్ళకు కాన్వాస్ బూట్లు, మెడలో తాడుకు కట్టిన భూతద్దం వేసుకుని తిరిగే ఈ యాభై ఎనిమిదేళ్ళ మనిషి ఖమ్మంలో జియాలజీ లెక్చరర్ అంటే కొత్తగా వచ్చిన టిప్పర్ డ్రైవర్లు నమ్మరు. కాలేజీలో పిల్లలు ఆమెను సుత్తి మేడం అంటారు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. ప్రిన్సిపాల్ కాలేదు, ప్రొఫెసర్ కాలేదు, ఏ పేపర్లోనూ ఫొటో రాలేదు. మొగుడు ప్రభు సారపాకలో ఉద్యోగం చూసుకుని, రాళ్ళతో కాపురం చేసే ఆడదానితో నేను వేగలేనని అక్కడే ఉండిపోయాడు. పోతే పోయాడు. ప్రతి శనివారం మొదటి బస్సెక్కి ఆమె మాత్రం ఇక్కడికే వచ్చింది.

ఆమె వెతికేది సముద్రాన్ని. వంద కోట్ల ఏళ్ళకు పైబడిన మాట. అప్పుడిక్కడ అడవి లేదు, చేప లేదు, గడ్డిపోచ కూడా లేదు. లోతు తక్కువ ఉప్పునీళ్ళు, వాటి అడుగున జిగట నాచు. ఆ నాచు పొర మీద పొర పేరుకుని, ముంతంత బొడిపెలై, చివరికి రాయైపోయింది. నిలువునా కోసి చూస్తే ఉల్లిగడ్డను కోసినట్టే ఉంటుంది. స్ట్రొమటోలైట్లని పుస్తకాల్లో పేరు. బొడిపె ఎప్పుడూ వెలుగు వైపు, పైకే పెరుగుతుంది. కానీ ఈ గోడలో ఒక పొర మాత్రం శవాల గుట్ట. అందులో బొడిపెలు విరిగి, చీలి, ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి. ఒకే ఒక్క తుపాను సముద్రాన్ని అడుగు నుంచి ఎత్తి కొట్టిందనీ, ఆ తర్వాత తలకిందులై పడ్డ బొడిపెల మీదే నాచు మళ్ళీ పైకి పెరిగిందనీ సంపూర్ణ వాదం.

ఆ మాట హైదరాబాదులో ఒక సభలో చెప్పి, రాయి కూడా చూపించింది. ముందు వరసలో ఒక పెద్దాయన నవ్వాడు. “క్వారీలో ఊడిపడ్డ రాయి కదమ్మా. ఏది పైనో ఏది కిందో మీకెలా తెలుసు?” అన్నాడు. నిజమే. గోడలోంచి విడిపోయిన రాయికి తల ఏదో కాళ్ళేవో ఎవరూ చెప్పలేరు. విడిపోకముందే దాని మీద పైకి బాణం గీయాలి. ఆ రోజు ఆమెకు కళ్ళనీళ్ళు వచ్చాయి, సిగ్గుతో కాదు, ఒళ్ళుమంటతో. అప్పటి నుంచీ సంచిలో గోళ్ళరంగు సీసా ఉంటుంది. సుద్దగీత వానకు పోతుంది, గోళ్ళరంగు అంత తొందరగా పోదు. గాజులు కూడా వేసుకోని మనిషి వేళ్ళకు అంటిన ఈ ఎర్రరంగేమిటని చర్చిలో ఆడవాళ్ళు గుసగుసలాడితే, “మీ ఆయనకు పూద్దామని” అని సంపూర్ణ ఒకావిడ నోరు మూయించింది.

“మేడం! దిగు ఇగ! మందు పెట్టుడు అయిపోయింది!” కింద నుంచి బద్యా అరిచాడు.

బద్యా క్వారీలో మందు పేల్చేవాడు, పక్క తండా మనిషి. ఒకప్పుడు ఆమె గుర్తు పెట్టుకున్న గోడను అతను పేల్చేస్తే ఆమె సుత్తె విసిరింది. ఆ మచ్చ ఇప్పటికీ అతని కనుబొమ్మ మీద ఉంది. అతనూ తక్కువ తినలేదు, ఆమె భూతద్దాన్ని రాతికేసి కొట్టాడు. మరుసటి శనివారం ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా ఒకే పాకలో చాయ్ తాగారు. అప్పట్నుంచి, పేలుడయ్యాక రాళ్ళెత్తే ప్రొక్లెయిన్ బండి రాకముందు కాసేపు ఆమెను రాళ్ళు చూసుకోనిచ్చేది అతనే.

దిగుతూ సంపూర్ణ ఆసరాకు గోడ పట్టుకుంది. అరచేతికి ఏదో గుండ్రంగా తగిలింది. ఉమ్మి, రుద్ది, భూతద్దం పెట్టింది. కింద ఉన్న బొడిపెలో చారలు గిన్నెల్లా నోరు తెరుచుకుని ఉన్నాయి. అంటే అది తలకిందులైంది. సరిగ్గా దాని మీదే, దాన్నే పట్టుకుని, ఇంకో బొడిపె గొడుగుల్లాంటి చారలతో నిటారుగా లేచింది. రెండూ ఇంకా గోడలోనే ఉన్నాయి. ఆ పొర ఇక ఈ మూలనే మిగిలింది, దాని వెనక అంతా మట్టి. ఇటూ అటూ మందు నింపిన రంధ్రాల నుంచి వత్తులు వేలాడుతున్నాయి.

“బద్యా, ఆపురా! ఇయ్యాల పేల్చొద్దు!”

“నింపినంక ఎట్ల ఆపుత మేడం? వాపస్ తీసుడు కాదు అది.”

క్వారీ సూపర్‌వైజర్ రాంసింగ్ మోటారుసైకిల్ దిగకుండానే కేకేశాడు. “ఏంది లొల్లి? టిప్పర్లు లైన్ల ఉన్నయ్. జల్దీ ముట్టియ్!”

“ఫొటో తీస్కో మేడం, బాణం గీస్కో,” అన్నాడు బద్యా మెల్లగా. “నాతోని గంతే అయితది.”

ఫొటో తీసింది. ఫొటో ఒక్కటే చాలదని ఆమెకు తెలుసు, రాయిని కోసి, నునుపు పట్టి, పొర పొరా చూపిస్తే తప్ప ఆ పెద్దమనుషులు ఒప్పుకోరు. గోళ్ళరంగు సీసా మూత పళ్ళతో తీసి, జానెడు బాణం పైకి గీసి, దాని మీద మళ్ళీ మళ్ళీ దిద్దింది. సైరన్ మోగింది. బద్యా వత్తులు ముట్టించి, ఆమె రెక్క పట్టుకుని ఇనప రేకుల చాటుకు ఈడ్చుకుపోయాడు.

ఎన్ని వత్తులు ముట్టించాడో అన్ని చప్పుళ్ళూ వినాలి. ఒక్కటి తక్కువైనా అరగంట దాకా ఎవరూ అటు పోకూడదు. అందుకే బద్యా కళ్ళు మూసుకుని లెక్కపెట్టుకుంటున్నాడు. మొదటి తూటాకు నేల కిందినుంచి తన్నింది. తర్వాత గోడ కడుపు చీల్చుకుని బయటపడింది, రాళ్ళు రేకులను చితక్కొట్టాయి, పొగలో చెట్ల కొమ్మలు విరిగి పడ్డాయి. సందులోంచి సంపూర్ణ చూస్తూనే ఉంది. ఆమె రాయి గోడ నుంచి వాలి, ఊడి, ఒక్క దొర్లు దొర్లి ఆగింది. ముక్కలు కాలేదు.

“పగల్లేదురా! నిలబడ్డది!” చివరి చప్పుళ్ళ మధ్యలోనే ఆమె బద్యా చేయి పట్టి ఊపేసింది.

బద్యా కళ్ళు తెరిచాడు. “లెక్క పోయింది మేడం. ఒకటి పేల్లేదో ఏమో.”

“అన్నీ పేలినయ్. నేను విన్న,” అన్నాడు రాంసింగ్. “ప్రొక్లెయిన్ తోలుండ్రి!”

బద్యా ఎర్రజెండా పట్టుకుని దారికడ్డం నిలబడ్డాడు. రాంసింగ్ వచ్చి చాచి లెంపకాయ కొట్టాడు, జెండా లాగి దుమ్ములో పారేశాడు. సంపూర్ణ పోయి సుత్తెతో అతని మోటారుసైకిల్ లైటు పగలగొట్టింది, అద్దం పగలగొట్టింది, ట్యాంకు సొట్టలు పడేదాకా బాదింది. ఆమెకు ఎంత హాయిగా ఉందో చెప్పలేం. ఇంతలో ప్రొక్లెయిన్ గోడ దగ్గరకు పోయి, తొట్టి దించుతోంది. సరిగ్గా ఆమె బాణం మీదికే.

ఉరికింది. ఆ వయసులో అంత ఉరుకు ఉరకగలదని ఎవరూ అనుకోలేదు. రాయికీ తొట్టికీ మధ్య నిలబడి సుత్తె ఎత్తింది. “నా మీద వేస్కో! వేస్కోరా!” ఆపరేటర్ బూతులు తిట్టుకుంటూ బండి వెనక్కి తీశాడు. అది రెండు బండ్ల దూరం పోయిందో లేదో, పేలకుండా మిగిలిన తూటా పేలింది. అంతకుముందు బండి నిలబడిన చోట ఇప్పుడు గుంత ఉంది.

పొగ తగ్గాక సంపూర్ణ రాయి చాటున కూర్చుని నవ్వుతోంది. చెవి పైన చింతగింజంత పెంకు తగిలింది, చుక్క నెత్తురు కూడా రాలేదు. రాంసింగ్ వచ్చి ఆ గుంతను తొంగి చూశాడు. ఆపరేటర్ ఆ రాయిని తొట్టిలో ఎత్తి తెచ్చి చాయ్ పాకలో దించాడు.

“దవాఖానకు పోదాం మేడం,” అన్నాడు బద్యా చాయ్ ఇస్తూ.

“పెంకు తగిలినప్పుడల్లా దవాఖానకు పోతే నా బతుకంతా దవాఖానలనే గడిచేది.” ఆమె రాయి మీద చేయి వేసింది. “సముద్రం దీన్ని పీకి తలకిందులు చేసిందిరా. సావలే. దాని మీదనే మళ్ళ మొలిచింది. సోమవారం ఆటో తెస్త. అందాక ఎవరినీ ముట్టనియ్యకు.” గోళ్ళరంగు సీసా అతని చేతిలో పెట్టింది. “బాణం చెరిగితే దిద్దు. పైకే. తెల్సిందా?”

“అవ్ మేడం.”

బస్సులో తలనొప్పి మొదలైంది. ఎండ వల్లే అనుకుని కిటికీకి తల ఆనించింది. ఖమ్మం బస్టాండులో అందరూ దిగాక కండక్టర్ భుజం తట్టి లేపబోయాడు, లేవలేదు. ఒళ్ళో సంచి జారకుండా పట్టుకునే ఉంది, బొటనవేలి మీద ఎర్రరంగు. పుర్రె లోపల నెత్తురు గడ్డకట్టిందని తర్వాత డాక్టర్లు చెప్పారు.

సోమవారం ఆటో రాలేదు. ఆ రాయి అడగడానికి ఎవరూ రాలేదు. రాంసింగ్ బండికి కొత్త లైటు వేయించుకున్నాడు గానీ, ఆ రాయిని క్రషర్‌లో వేయమని మాత్రం ఎప్పుడూ అనలేదు. ఎవరైనా కూర్చోవడానికి దొర్లిస్తే బద్యా తిట్టుకుంటూ వచ్చి మళ్ళీ నిలబెడతాడు. పాక చూరు కారి బాణం వెలిసినప్పుడల్లా దిద్దుతాడు. సీసా పాక దూలం మీద ఉంది. అందులో రంగు అడుగంటింది, మూత మాత్రం ఎప్పుడూ గట్టిగా బిగించే ఉంటుంది.