మొదటి మేక

పుత్తూరులో మా ఇంటి హాలు మధ్యలో ఒక గోడ ఉంది. భాగాలప్పుడు కట్టింది. బోరు అవతలి వైపు పడింది, నీళ్ల దగ్గర మాటామాటా పెరిగింది. అంతే, మా నాయన ఏకాంబరం, గోడ అవతలి చిన్నాయన మునిరామయ్య పలకరించుకోవడం మానేశారు. అప్పుడు నేను బడికి పోయేదాన్ని. 2002లో ఎంసీఏ ఆఖరి ఏడాదికి వచ్చినా ఇద్దరూ బిర్రబిగుసుకునే ఉన్నారు. ఈ పెద్దమనుషుల పంతం చూస్తే నాకు ఒళ్లు మంట.

గోడ పైకప్పు దాకా పోలేదు, జానెడు సందు మిగిలింది. ఆ సందులోంచే కేబుల్ వేశాను.

నా ప్రాజెక్టు పులిజూదం. నా కంప్యూటర్లో పులులు, ఇంకో కంప్యూటర్లో మేకలు. ఆ రెండోది చిన్నాయన కొడుకు ప్రతాప్‌ది. రెండింటినీ నేరుగా కలపాలంటే మామూలు కేబుల్ పనికిరాదు, ఒక చివర తీగలు తారుమారు చేసి బిగించాలి. తిరుపతిలో చేయించుకొచ్చాను. ప్రతాప్ ఊరికే ఒప్పుకుంటాడా? ముందు నా దగ్గరున్న పాటలన్నీ పంపమన్నాడు, తర్వాత కార్ల పందెం ఆడమన్నాడు. అవన్నీ అయ్యాకే నా ఆట ఎక్కించుకున్నాడు.

పరీక్షించడానికి బాగా ఆడేవాళ్లు కావాలి. నాయనను పులుల వైపు కూర్చోబెట్టాను. అవతల ప్రతాప్ ఆడతాడని చెప్పాను. నేనూ అదే అనుకున్నాను.

కాసేపటికే పులి ఒక మేకను మింగింది. నాయన మొహం చిట్లించాడు.

"ఇదేంది పాపా, మేకను ఎనక్కి ఇయ్యలేదే?"

"ఎందుకిస్తాది నాయనా? తింటే తిన్నట్టే."

"మొదటి మేకను ఇచ్చేయల్ల."

"అట్లాంటి రూలు యాడా లేదు."

"మా ఇంట్లో ఉండాది. మా అవ్వ పెట్టింది. చిన్నప్పుడు మేక పోతే మునిరామయ్య బోర్లా పడుకోని ఏడ్చేవాడు. వాని కోసరం పెట్టింది."

చిన్నాయన పేరు ఆయన నోట విని ఎన్నేళ్లయిందో. వెంటనే నాలుక కరుచుకున్నాడు.

అప్పుడే ఆట కింద, మాటలు పంపుకునే చోట ఒక వాక్యం వచ్చింది. ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టిన తెలుగు. పైకే చదివాను.

"నా మొదటి మేక ఎనక్కి రాలే. ఆట తప్పు."

ప్రతాప్‌కు పులిజూదమే సరిగా రాదు, వాడికి అవ్వ పెట్టిన రూలు ఎట్లా తెలుస్తుంది? కొట్టింది వాడే అయినా చెప్పి కొట్టించింది వాళ్ల నాయన. అది నాకు తట్టేలోపే మా నాయనకు తట్టింది. లేచి గోడ దగ్గరికి పోయాడు. చేయి కేబుల్ మీద వేశాడు. పీకేస్తాడని భయపడ్డాను. ఇద్దరూ కలిసి ఆడిన ఈ ఒక్క ఆట కూడా పోతుందే అని ఏడుపొచ్చింది.

నాయన తలెత్తి సందు వైపు చూశాడు.

"ఒరే మునీ, నేను ఇస్తాననే అంటాండా రా. ఈ పాపకే రాసేది తెలీలేదు."

అవతల కుర్చీ జరిగింది.

"తెలుసన్నా," అన్నాడు చిన్నాయన. "నా మేకను నువ్వెందుకు పెట్టుకుంటావు."

ఇన్నేళ్ల తర్వాత నోళ్లు విప్పి, ఇద్దరూ కలిసి నా ఆటనే తిట్టారు. తిట్టనీ అనుకున్నాను.

భోజనం మాని కూర్చుని ఆ రూలు రాశాను. నడిపించి చూస్తే సరిగ్గా పనిచేసింది. "నాయనా, మేక వస్తాండాది, రా" అని పిలిచాను. ఆయన ఇంట్లో లేడు.

అవతలి ఇంటికి పోయి చూశాను. నేల మీద సుద్దముక్కతో గడులు గీసుకుని అన్నదమ్ములిద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. పులులకు చింతపిక్కలు, మేకలకు శనగగింజలు. మా నాయన ఒక గింజను తీసి తమ్ముడి అరచేతిలో పెడుతున్నాడు.