సుభద్రమ్మ పెట్టిన షరతు

మా ఆయన పార్థసారథి ప్రతి శుక్రవారం పొద్దున ఆళ్లగడ్డ బస్సెక్కేవాడు. అక్కడ సుభద్రమ్మ ఉంది. నంద్యాలలో ఆయన మొదలుపెట్టిన బండల పాలిష్ ఫ్యాక్టరీకి ఆమె పదివేలు ఇచ్చింది. ఆమెకు యాభై దాటాయి. మోకాళ్ల నొప్పులు, గోడ పట్టుకుంటే గాని నడవలేదు. అయినా నాకు ఆమె మీద కుళ్లు పుట్టింది.

వెళ్లేటప్పుడు ఆయన ఒక మనిషి, వచ్చేటప్పుడు ఇంకో మనిషి. ఆ ఏడాది, ఎనభై మూడులో, సగం గడ్డం గీసుకుని అద్దం ముందు అలాగే నిలబడిపోయేవాడు. అన్నం కలిపి తినకుండా లేచేవాడు. డాక్టరు బి కాంప్లెక్సు రాసిచ్చాడు. ఏమైందని అడిగితే, "ఏం లేదు రమా, మిషన్లు బాగా తిరుగుతాండాయి" అనేవాడు. శుక్రవారం సాయంత్రం మాత్రం చారు రెండోసారి వేయించుకునేవాడు.

బ్యాంకులో నా కాసులదండ పెట్టి తెచ్చిన డబ్బు ఆమె ఇచ్చినదానికంటే ఎక్కువే. అంతేకాదు, పెట్టుబడి అడగడానికి ఎవరి దగ్గరికి వెళ్లాలన్నా ముందు ఆయనను వంటింట్లో పీట మీద కూర్చోబెట్టి, నేనే అవతలి మనిషినై ప్రశ్నలు వేసేదాన్ని. కర్నూలులో బి.ఏ. చదివినదాన్ని. "మొఖం అట్ల పెట్టుకోని పోతే ఎవరిస్తారండీ దుడ్లు? మళ్లీ మొదటినుంచి చెప్పండి" అని దిద్దేదాన్ని. పత్తి వ్యాపారి ఇమాం సాహెబ్ వాటా తీసుకున్నది నా దిద్దుబాటు వల్లనే అని నా నమ్మకం.

ఒక శుక్రవారం నేనూ బయల్దేరాను.

"నువ్వెందుకు?" అన్నాడు.

"దుడ్లిచ్చినామెను నేను చూడొద్దా?"

సుభద్రమ్మ వాకిట్లో చేట ముందేసుకుని శనక్కాయలు ఒలుస్తోంది. "రాప్పా సారథీ. ఈమేనా నీ పెండ్లాం? కుచ్చోమ్మా." మంచినీళ్లయినా తాగకముందే ఆయనను అడిగింది, "ఊ, ఈ వారం ఏం చెడిపాయ?"

ఆయన నా వైపు చూశాడు. "అంతా బాగుందక్కా."

"బాగుండేది బ్యాంకోనికి చెప్పుకోపో. నా షరతేంది?"

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఆమె బెల్లం తెమ్మని ఆయనను అంగడికి పంపింది.

"మా ఆయనకు పత్తి జిన్నింగు మిల్లుండె" అంది నాతో. "ఊరందరికీ బాగుందనే చెప్పె. నాకూ అదే చెప్పె. మిల్లు మూతపడిందని నాకు తెలిసేతలికి మనిషే లేకపాయ. అందుకే దుడ్లిచ్చేటప్పుడు సారథితో అంటి, లాభం సంగతి తర్వాతప్పా, వారానికొకసారి వచ్చి చెడిపోయింది చెప్పిపో అని."

"ఏం చెప్తాడు?" అన్నాను.

"అది నేను చెప్పను. ఏడ్సినాడని మాత్రం చెప్తా."

పదకొండేళ్ల కాపురంలో ఆయన నా ఎదుట ఏడవలేదు. "నాకెందుకు చెప్పడు?"

"నువ్వు పరీక్ష పెడ్తావంట గదమ్మా!" అని నవ్వింది. "నీకు చెప్పాలంటే ముందు బట్టీ కొట్టాల్నంట."

నేనూ నవ్వాను. ఆమెను ఆ చేటతోనే కొట్టాలనిపించింది.

తిరుగు బస్సులో శిరివెళ్ల దాటాక అడిగాను. "ఈ వారం ఏం చెడిపోయింది?"

ఆమెకు చెప్పుకోకుండా మిగిలిపోయింది లోపల బరువుగా ఉన్నట్టుంది. "బండలు మిషన్ కింద పగులుతాండాయి రమా. హైదరాబాదోళ్లు లారీ సరుకు వెనక్కి పంపినారు."

"ఎప్పుడు?"

"ఉగాదికి ముందు."

మూడు నెలలు. పన్నెండు శుక్రవారాలు. ఆ క్వారీ రాయి కొనొద్దని నేను మొదట్లోనే చెప్పలేదా అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆయన నా ముఖమే చూస్తున్నాడు. మింగేశాను.

"ఇంకా?"

చెప్పుకుంటూ పోయాడు. చాలావరకు అక్కడ చెప్పేసినవే. తడుముకోకుండా వస్తున్న మాటలను బట్టి తెలిసిపోతోంది. ప్రతిదీ నన్ను గుచ్చింది. నంద్యాల దగ్గరపడుతుండగా ఆగి ఆగి అన్నాడు, "పొద్దున ఫ్యాక్టరీ గేటు దాకా పోతా. లోపలికి పోబుద్ధి కాదు. రైలు స్టేషన్ చుట్టూ రెండుసార్లు తిరిగి, అప్పుడు పోతా."

"ఇది ఆమెకు చెప్పినారా?"

"లేదు. ఎవురికీ చెప్పలేదు."

అంత భయపడుతున్నాడని తెలిసి నాకు దిగులు కలగాలి. కలిగింది కూడా. కాని దానికంటే ముందు సంతోషం కలిగింది.